బొమ్మ లేని రాజులు, బొమ్మై వచ్చిన రాణి



1794 జూలై 10వ తేదీ. విజయనగరానికీ భీమిలికీ నడుమ పద్మనాభం దగ్గర యుద్ధం జరిగింది. ఒక పక్క విజయనగరం రాజు చిన విజయరామరాజు, ఆయన్ని నమ్ముకుని వచ్చిన రాచవారు. రెండో పక్క కర్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన ఈస్టిండియా కంపెనీ పటాలం. గంటసేపు కూడా సాగలేదు. రాజుగారు అక్కడే నేలకొరిగారు. తగువంతా డబ్బు దగ్గర వచ్చింది. పేష్కష్, అంటే కప్పం, బకాయి పడ్డారు కాబట్టి సంస్థానం వదిలి మచిలీపట్నం పొండి, నెలకి 1,200 రూపాయలు భత్యం ఇస్తాం, అక్కడ ఉండండి అంది కంపెనీ. ఆయన వెళ్లలేదు.

సరిగ్గా ఆ ఏడాదే ఇంగ్లండులో ఇంకో పని జరిగింది. బర్మింగ్‌హాం దగ్గర సోహో అనే చోట మాథ్యూ బౌల్టన్ అనే పెద్ద వ్యాపారికి టంకశాల ఉండేది. ఆవిరి యంత్రాన్ని మెరుగుపరిచిన జేమ్స్ వాట్‌కి ఈయన భాగస్వామి. ఆవిరితో నడిచే అచ్చు యంత్రాల మీద ఆయన కొన్ని రాగి నాణేలు కొట్టించాడు. కలకత్తా కోసం కాదు, బొంబాయి కోసం కాదు. మన ఉత్తర సర్కారుల కోసం. అంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, రాజమండ్రి, మచిలీపట్నం ప్రాంతాల్లో చెలామణీ కోసం. రూపాయికి 48 అని దాని మీదే రాసి ఉంటుంది. అందులో సగం విలువది, రూపాయికి 96 వచ్చేది కూడా కొట్టారు. అంతవరకూ మనవాళ్ల చేతుల్లో ఆడిన రాగి డబ్బులు సుత్తి దెబ్బకు వంకరటింకరగా తయారైనవి. ఇవి మాత్రం గుండ్రంగా, ఒకదానికొకటి తేడా లేకుండా వచ్చాయి.

ఆ నాణెం మీద ఎవరి బొమ్మ ఉంటుందంటారు? అప్పటి ఇంగ్లండు రాజు మూడో జార్జిది అనుకుంటాం. ఆయన దేశంలో ఆయన నాణేల మీద ఆయన తలకాయ ఉండేది మరి. మన నాణెం మీద లేదు. ఒక పక్క కంపెనీవారి చిహ్నం, సింహాలూ డాలూ వగైరా, దాని చుట్టూ లాటిన్ భాషలో ఒక వాక్యం. ఇంగ్లండు రాజు, పార్లమెంటుల ప్రాపున ఇది చెల్లుతోంది అని దాని అర్థం. రెండో పక్క గుండెకాయ ఆకారంలో ఒక ముద్ర, దాని గళ్లలో కంపెనీ పేరులోని పొడి అక్షరాలు. తెలుగు లేదు, పారసీ లేదు. కురుపాం సంతలో ఉప్పు కొనుక్కునే మనిషికి ఆ అక్షరాల్లో ఒక్కటీ పలకదు. కానీ ఆ గుండెకాయ ముద్ర మన నేతగాళ్లకి తెలిసిందే అయి ఉండాలి. కంపెనీవారు బట్టల మూటలు కట్టి ఓడకెక్కించేటప్పుడు వేసే సరుకు ముద్ర అది. గుడ్డ మూట మీద వేసే గుర్తునే తెచ్చి నాణెం మీద కొట్టారు.

రాజు చనిపోయిన ఏడాదే, రాజు బొమ్మ లేని నాణెం, ఏడు సముద్రాల అవతల నుంచి మన సంతల కోసం తయారైంది. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం ఉందని నేను అనను. కానీ నాణెం మీద రాజు ముఖం అనే విషయాన్ని మన ఉత్తరాంధ్ర వైపు నుంచి చూడాలంటే మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించలేదు.

నాణేల మీద పాలకుడి ముఖం ఉండటం ప్రపంచమంతటా సహజమని మనం అనుకుంటాం. మన ప్రాంతపు లెక్క చూస్తే అలా లేదు. కళింగ దేశంలో, అంటే మన వంశధార, నాగావళి లోయల్లో, రెండు వేల ఏళ్ల చరిత్రలో రాజు బొమ్మ ఉన్న నాణెం రెండు సార్లే గట్టిగా కనిపిస్తుంది. రెండుసార్లూ ఆ మనిషి మన మనిషి కాడు.

మొదటిది చాలా పాతది. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి కదా. అక్కడి తవ్వకాల్లో పూరీ కుషాణు నాణేలని పండితులు పిలిచే రాగి బిళ్లలు దొరికాయి. ఒడిశాలో ఇలాంటివి కుప్పలుగా దొరుకుతాయి. ఎప్పుడో ఉత్తరాదిని ఏలిన కుషాణు చక్రవర్తి కనిష్కుడి నాణెం మీద ఆయన నిలబడి ఉన్న బొమ్మ ఉంటుంది. పొడుగాటి కోటు, కాళ్లకు బూట్లు. చలిదేశం నుంచి వచ్చిన వంశం వారిది. ఆ బొమ్మను చూసి, చూసినదాన్ని మళ్లీ చూసి, మళ్లీ మళ్లీ నకలు తీయగా తీయగా చివరికి కాళ్లూ చేతులూ పుల్లల్లా మిగిలిన బొమ్మ ఇది. చాలా వాటి మీద పేరు కూడా లేదు. కుషాణుల పాలన ఇంత దూరం వచ్చిందని చాలామంది చరిత్రకారులు ఒప్పుకోరు. మరి ఇక్కడి జనం చెమటలు కారే ఎండలో కోటు వేసుకున్న ఆ రాజును ఎందుకు అచ్చు వేసుకున్నారు? ఆ బొమ్మ ఉంటే నాణెం చెల్లుతుందన్న అలవాటు. రాజు ఎవరో అక్కర్లేదు, బొమ్మ ఉంటే చాలు.

అదే రోజుల్లో కాస్త అటూ ఇటూగా శాతవాహనులు ఈ బొమ్మల సంగతిని బాగా ఎరిగిన రాజులు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబి అనే ఊళ్లో ఒక వెండి నాణేల కుప్ప బయటపడింది. 13 వేలకు పైగా నాణేలు. అన్నీ నహపాణుడనే క్షత్రప రాజువి, అన్నింటి మీదా ఆయన తల. అందులో సుమారు మూడింట రెండు వంతుల నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. కరిగించి కొత్తవి పోయించవచ్చు. అలా చేయలేదు. ఓడిపోయినవాడి ముఖం మీద తన కొండ గుర్తు, తన పేరు పడేలా కొట్టించి, పాత ముఖం కింద నుంచి కొంచెం కనపడుతూ ఉండగానే బజారులోకి వదిలాడు. దీనికంటే గట్టిగా చెప్పే విజయశాసనం నేను ఎక్కడా చూడలేదు. ఇంకో తమాషా. ఓడించిన తరువాత ఆయనా, ఆయన కొడుకు పులుమావీ, ఆ తరవాత యజ్ఞశ్రీ శాతకర్ణీ అదే క్షత్రపుల పద్ధతిలో తమ తలకాయలతో వెండి నాణేలు కొట్టించారు. శత్రువు దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు.

అయితే ఆ అలవాటు మన వైపు నిలవలేదు. శాతవాహనులతోనే సద్దుమణిగిపోయింది.

ముఖలింగం వెళ్లినవాళ్లు మధుకేశ్వరుడి గుడి చూసి ఉంటారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. ఆ గాంగుల బంగారు నాణెం అరచేతిలో పెడితే బరువే తెలియదు. అర గ్రాము కూడా ఉండదు. పణం అంటారు. మినప్పప్పు బద్ద కంటే కాస్త పెద్దది, అంతే. దాని మీద ఒక పక్క పడుకున్న నంది, పక్కన నెలవంక, అంకుశం లాంటి గుర్తులు. రెండో పక్క రాజు పాలనలో ఎన్నో ఏడాదో చెప్పే అంకె. రాజు పేరు లేదు. రూపం అసలే లేదు. 1078లో పట్టానికొచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడు సామాన్యుడా? గోదావరి వైపు నుంచి గంగ వైపు దాకా రాజ్యం విస్తరించి, పూరీలో జగన్నాథుడి పెద్ద గుడికి పూనుకున్నవాడు. అంతటివాడి కాలంలోనూ ఆ నాణేల మీద ఎద్దే కూర్చుంది. రాజు ఎక్కడున్నాడంటే ఏడాది అంకెలో ఉన్నాడు. అంకె మారితే ఆయన ఇంకా ఏలుతున్నాడని అర్థం. అంకె మళ్లీ మొదలైతే ఆయన పోయాడని అర్థం.

రూపం చెక్కించుకోవడం వారికి తెలియక కాదు. ఆ వంశంలోవాడే నరసింహదేవుడు కోణార్క గుడి కట్టించాడు, ఆ గుడి శిల్పాల్లో ఆయన రూపం ఉంది. బొమ్మ గుడిలో ఉండవచ్చు, నాణెం మీద మాత్రం కూడదు. ఎందుకు కూడదో ఏ శాసనమూ చెప్పదు. నా ఊహ నేను చెబుతాను. గుడిలో రాజు బొమ్మ దేవుడి ముందు చేతులు జోడించి ఉంటుంది. నాణెం మీద ఒంటరిగా ఉంటే ఆయన ఎవరికి దణ్ణం పెడుతున్నట్టు?

ఈ ఊహకి సాక్ష్యంగా మనకి బాగా తెలిసిన రాజునే పిలుస్తాను. శ్రీకృష్ణదేవరాయలు కళింగం మీదికి దండెత్తి వచ్చి, 1516లో సింహాచలం అప్పన్నను దర్శించి, నగలు సమర్పించి శాసనం వేయించాడు. పొట్నూరులో జయస్తంభం నాటించాడు. ఆ రాయల బొమ్మ తిరుమలలో ఈనాటికీ చూడవచ్చు. తిరుమలదేవి, చిన్నాదేవి ఇద్దరి నడుమ, చేతులు జోడించి, గుడి లోపలికి అడుగుపెట్టగానే ఒక పక్కన నిలుచుని ఉంటాడు. భుజాల దగ్గర పేర్లు కూడా చెక్కారు. ఆ పోత పోసినవాడికి రాయల ముఖాన్ని ఒక వరహా మీద దించడం ఎంత పని? దించలేదు. రాయల వరహా మీద బాలకృష్ణుడు వెన్నముద్ద పట్టుకుని కూర్చున్నాడు. ఉదయగిరి గెలిచి అక్కడి నుంచి హంపీకి తెచ్చిన బాలకృష్ణుడి జ్ఞాపకంగా వేయించాడని చాలామంది అంటారు. వెనక వైపు నాగరి లిపిలో శ్రీ ప్రతాప కృష్ణరాయ అని పేరుంది. ముందు దేవుడు, వెనక రాజు పేరు. ఆ వరస హంపీ విజయనగర చక్రవర్తులు చాలావరకు తప్పలేదు. ఒకరు ఉమామహేశ్వరులు, ఒకరు సీతారామలక్ష్మణులు, అచ్యుతరాయలు గండభేరుండం.

తరవాత గోల్కొండ వాళ్ల కాలం వచ్చింది. శ్రీకాకుళం వారి ఫౌజుదారు ఉండే ఊరైంది. 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఊళ్లో ఉంది. ముసల్మాను పాలనలో రాజ్యాధికారానికి రెండు గుర్తులు. శుక్రవారం నమాజు నాడు ప్రసంగంలో ఎవరి పేరు చదువుతారు, నాణెం మీద ఎవరి పేరు కొడతారు. బొమ్మ మాట లేదు, పేరే సర్వస్వం. 1636లో షాజహాను గోల్కొండ మెడలు వంచి రాయించుకున్న ఒప్పందంలో ఈ రెండూ తన పేరనే జరగాలన్నాడు. ఇరవై ఏళ్లకు ఔరంగజేబు మళ్లీ మీదపడ్డాడు. ఆ తరవాత అబ్దుల్లా కుతుబ్‌షా వేయించిన రాగి నాణెం మీద రాత ఒకటి ఉంది. క్షేమంగా, శుభంగా ముగిసింది అని దాని అర్థం. నాణెం మీద ఒక రాజు నిట్టూర్పు విడవడం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా అని నాకు ఆశ్చర్యం. 1687లో గోల్కొండ పడిపోయాక మన సర్కారు మొగలుల కిందికి పోయింది. వారి టంకశాలల పట్టికలో సికాకుళ్ అనే పేరు కనిపిస్తుంది, అది మన శ్రీకాకుళమే.

మొగలుల్లోనూ ఒకడు హద్దు దాటాడు. జహంగీరు. 1611లో తన బొమ్మతో బంగారు మొహరులు కొట్టించాడు, వాటిలో కొన్నింటి మీద ఆయన చేతిలో మద్యపు గిన్నె కూడా ఉంది. ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్నంలో వర్తకం పెట్టుకున్నది కూడా ఆ 1611లోనే. అయితే జహంగీరు మొహరు కూరగాయల కొట్లో చెల్లడానికి కాదు. నమ్మిన సర్దార్లకు బహుమానంగా ఇచ్చేవాడు, వారు తలపాగాకు తగిలించుకునేవారు. అంటే చక్రవర్తి ముఖాన్ని నెత్తిన పెట్టుకుని తిరగడమన్నమాట. కొడుకు షాజహానుకి ఈ బొమ్మల సరదా గిట్టలేదు.

యూరపులో మాత్రం ఆ రెండు మూడు వందల ఏళ్లలో నాణెం మీద ముఖం లేకుండా రాజు లేడు. అక్కడ జనానికి రాజును చూసే దారి అదొక్కటే. ఆ దారిలో అభాసులూ ఉన్నాయి. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఖర్చులకు చాలక వెండిలో రాగి కలిపించాడు. నాణెం చేతులు మారి అరిగేకొద్దీ, ముందుకు పొడుచుకొచ్చిన చోట మొదట పూత పోయింది. అది ఆయన ముక్కు. అందుకని జనం ఆయన్ని ముసలి రాగిముక్కు అని పిలిచారు. ఫ్రాన్సు రాజు పదహారో లూయీ 1791లో మారువేషంలో దేశం దాటిపోబోతుంటే, దారిలో ఒక తపాలా మజిలీ యజమాని గుర్తుపట్టాడు. నోటు మీద ముఖం చూసి పోల్చుకున్నాడని చెబుతారు. పరపతి కోసం అచ్చు వేయించుకున్న ముఖమే పట్టించింది. ఇక 1797లో లండనులో వెండికి కరువొచ్చి, బ్యాంకులో ఉన్న స్పెయిన్ డాలర్ల మీద మూడో జార్జి తలను చిన్నగా గుద్ది చెలామణీలో పెట్టారు. స్పెయిన్ రాజు మెడ మీద ఇంగ్లండు రాజు తల. గౌతమీపుత్రుడు గెలిచి చేసిన పనిని వీళ్లు గతిలేక చేశారు. లండను జనం ఊరుకుంటారా, గాడిద మెడ మీద మూర్ఖుడి తల అని పాట కట్టారు.

ఇలాంటి దేశం నుంచి వచ్చిన కంపెనీ, మన దగ్గర రెండు వందల ఏళ్లకు పైగా రాజు ముఖాన్ని జేబులోంచి బయటికి తీయలేదు. ఈ కథలో నాకు అన్నింటికంటే రుచిగా ఉండే భాగం ఇదే.

ఒకసారి బొంబాయిలో తొందరపడ్డారు. తమ రాజు పేరుతో రూపాయలు కొట్టారు. ఔరంగజేబుకి ఒళ్లు మండిందని ఆ కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. బొమ్మ కూడా కాదు, వట్టి పేరుకే అంత గొడవ. ఆ తరవాత కంపెనీ బుద్ధి తెచ్చుకుంది. మద్రాసులో వరహా మీద వేంకటేశ్వరుణ్ణి, ఇద్దరు దేవేరులనూ అచ్చు వేసింది. వాటిని మూడు స్వాముల వరహాలు అనేవారు. క్రైస్తవ వర్తకులు విష్ణుమూర్తిని అచ్చు వేసుకుంటే వారి మతానికి రాని నష్టం, వరహా చెల్లకపోతే వ్యాపారానికి వచ్చేది. రూపాయల మీదైతే మొగలు పాదుషా పేరు. మన ఉత్తర సర్కారులను 1765 ఆగస్టు 12న కంపెనీకి ధారపోసింది పాదుషా రెండో షా ఆలం. ఆయన 1806లో చనిపోయాడు. బెంగాల్లో ఆయన పేరుతో, ఆయన పాలనలో 19వ ఏడాది అన్న రాతతో కంపెనీ రూపాయలు 1835 దాకా కొడుతూనే ఉంది. పోయిన పాదుషాకి వయసు పెరగదు, కంపెనీకి కావలసిందీ అదే.

1807 ప్రాంతంలో మద్రాసులో వేసిన వెండి నాణెం ఒకటి ఇంకా విచిత్రం. ఒక పక్క గుడి గోపురం, చుట్టూ చుక్కలు. రెండో పక్క తామర మీద విష్ణువు. ఇంగ్లీషు, పారసీ, తమిళం, తెలుగు నాలుగు భాషల్లో రాతలు. పుష్కరం క్రితం మన సర్కారులకు పంపిన నాణెం మీద కనిపించని తెలుగు ఇక్కడ కనిపించింది. రాజుగారు మాత్రం ఇక్కడా లేరు.

మొదట చెప్పిన 1794 నాణెం సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. అప్పటికి కంపెనీ మన వైపు ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. 1757లో బొబ్బిలి కోట ఫ్రెంచివారి ఫిరంగులకు కూలింది, మరునాళ్లలోనే విజయనగరం రాజు పెద విజయరామరాజు గుడారంలో తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర విజయనగరం రాజు ఆనంద గజపతిరాజు సాయంతో ఇంగ్లీషువారు ఫ్రెంచివారిని ఓడించారు. ఎవరు ఏలుతున్నారో తెలియని ఆ నలభై ఏళ్లలో జనం కళ్లకు కనిపించే రాజు కోటలో రాజే. దసరాకి ఏనుగు మీద వస్తే చూసేది ఆయన్నే. కోటలో రాజు ఉండగా నాణెం మీద ఇంకో రాజును చూపించడం తెలివైన పని కాదు. అందుకే మూట ముద్ర పంపించారు.

1802లో శాశ్వత శిస్తు వచ్చింది. విజయనగరం సంస్థానం కట్టవలసిన పేష్కష్ ఏటా 5 లక్షల రూపాయలని ఖాయం చేశారు. రాజు జమీందారయ్యాడు. జమీందారుకి కోట ఉంటుంది, దివాణం ఉంటుంది, టంకశాల ఉండదు.

అప్పుడు, 1835లో, కంపెనీ ముసుగు తీసింది. దేశమంతటికీ ఒకటే రూపాయి అని చట్టం చేసింది. 180 గ్రెయిన్ల బరువు, పన్నెండు వంతుల్లో పదకొండు వంతులు వెండి. పాదుషా పేరు పోయింది. నాలుగో విలియం తల వచ్చింది. మన పల్లెల్లో నాణెం మీద బతికి ఉన్న రాజు ముఖం ఇంత విరివిగా కనిపించడం అదే మొదలు. నేను ముందు చెప్పిన రెండోసారి ఇదే. ఆ ముఖం గల మనిషి ఏనాడూ మన నేల మీద కాలు పెట్టలేదు.

ఐదేళ్లకు విక్టోరియా. కొప్పు ముడిచిన పడుచు పిల్ల తల. 1862లో కిరీటం పెట్టారు, నగలూ, కుట్టుపని చేసిన రవికా తొడిగారు. 1877 నుంచి రాణి అన్న మాట తీసి చక్రవర్తిని అన్నారు. ఇంగ్లండులో ఆమె బొమ్మను వయసును బట్టి మార్చుతూ వచ్చారు, 1893 నాటికి తల మీద ముసుగు వేసుకున్న ముసలమ్మను చూపించారు. మన రూపాయి మీద మాత్రం 1862 నాటి ముఖమే 1901 దాకా ఉండిపోయింది. అక్కడ రాణిగారికి ఎనభై దాటాయి, ఇక్కడ శ్రీకాకుళం బజార్లో ఆమెకు ఇంకా నడివయసు కూడా ముదరలేదు. షా ఆలానికి చేసిన మర్యాదే ఈవిడకీ చేశారు. చూసే అవకాశం లేని జనానికి వయసు చూపించే అవసరమేముంది?

ఇక్కడ ఒక దృశ్యం తలచుకోండి. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం పల్లెల రైతు కిస్తు కడతాడు. ఆ రూపాయల మీద రాణి ముఖం. అవి దివాణానికి చేరతాయి. దివాణం నుంచి పేష్కష్‌గా కంపెనీ ఖజానాకో, తరవాత దొరతనం ఖజానాకో చేరతాయి. చందుర్తి నాటి రాజు పేరే ఉన్న విజయనగరం ఆనంద గజపతి మహారాజు గొప్ప రసికుడు, పండితులకూ గాయకులకూ కల్పవృక్షం. ఆయన ఇచ్చిన వెండి రూపాయల సంభావనల మీద ఆయన ముఖం లేదు. గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కం నాటకాన్ని అంకితమిచ్చింది ఆయనకే. 1897లో ఆ పుస్తకం అచ్చయింది, ఆ ఏడే మహారాజు కాలం చేశారు, ఆ ఏడే విక్టోరియా పట్టానికి అరవై ఏళ్లు నిండాయని సామ్రాజ్యమంతా ఉత్సవాలు. నాటకంలో పసిపిల్లలకు కట్టిన వెల అంతా ఆ రాణి ముఖం ఉన్న రూపాయల్లోనే. ఆడవారి పేరు మీద చెలామణీ అయిన డబ్బుతో ఆడపిల్లలను కొన్న కాలం అది.

సొంత టంకశాల ఉన్న సంస్థానాధీశులు కొందరు రాణిని చూసి నేర్చుకున్నారు. బరోడా శాయాజీరావు, తిరువాన్కూరు రామవర్మ, బికనీరు గంగాసింగు తమ ముఖాలతో నాణేలు వేసుకున్నారు. హైదరాబాదు నిజాము ఇంత ధనవంతుడై కూడా పాత పద్ధతి వదల్లేదు. 1903 తరవాత ఆయన రూపాయి మీద చార్మినార్ నిలబడింది. నన్నడిగితే నాణెంగా చూడ్డానికి అదే అందంగా ఉంటుంది.

ముఖంతో ఎంత జాగ్రత్త కావాలో 1911లో తెలిసింది. ఐదో జార్జి ముందు ఏడాదే పట్టానికొచ్చాడు. కొత్త రూపాయి మీద ఆయన వేసుకున్న ఉత్తరీయం అంచున చిన్న ఏనుగు బొమ్మ ఉంది. చెక్కినవాడు తొండం పొట్టిగా చెక్కాడు. జనం దాన్ని పంది అన్నారు. అంతే, ముసల్మానుల్లో కలవరం పుట్టింది. 94 లక్షల నాణేలు కొడితే 7 లక్షలే బయటికి వెళ్లాయి, మిగతావి కరిగించారు. 1912లో ఏనుగుకు తొండం పొడుగు చేసి మళ్లీ వేశారు. ఇంత సామ్రాజ్యం ఒక ఏనుగు తొండం దగ్గర తడబడింది. గజపతి అని బిరుదు పెట్టుకున్న మన రాజుల్ని ఎవరినైనా అడిగి ఉంటే ఏనుగు ఎలా ఉంటుందో చెప్పేవారు.

స్వాతంత్ర్యం వచ్చిన రోజునే ఆ ముఖం పోయిందనుకోకండి. 1947 ఆగస్టు తరవాత కూడా మూడేళ్లు ఆరో జార్జి మన అణాల మీద, రూపాయల మీద ఉన్నాడు. 1950 ఆగస్టు 15న వచ్చిన కొత్త నాణేల మీద సారనాథ్ సింహాలు వచ్చాయి. ఒక మనిషి ముఖాన్ని తీసి ఇంకో మనిషి ముఖం పెట్టలేదు. ఆ నిర్ణయం చాలా మంచిదని నా అభిప్రాయం. ఆ సింహాల స్తంభం అశోకుడిది. అశోకుడు యుద్ధం చేసి రక్తం పారించింది మన కళింగంలోనే. ఆయన కాలపు వెండి నాణేల మీద సూర్యుడు, కొండ, చెట్టు వంటి ముద్రలే తప్ప ఆయన ముఖమూ లేదు, పేరూ లేదు.

తరవాత మన నాణేల మీదికి ముఖాలు రాకపోలేదు. 1964లో నెహ్రూ, 1969లో గాంధీ. ఇద్దరూ కన్నుమూసిన తరవాతే. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఎన్టీ రామారావు శతజయంతికి ఆయన ముఖంతో 100 రూపాయల నాణెం విడుదల చేశారు. అది దాచుకునేవారి కోసం, బజారులో మారడానికి కాదు. బతికి ఉన్న పాలకుడి ముఖాన్ని జనం చేతిలో పెట్టే పద్ధతి ఈ దేశంలో ఆరో జార్జితోనే ఆగింది.

ఒక్క విన్నపంతో ముగిస్తాను. ముఖలింగం, దంతపురం, శాలిహుండం, రామతీర్థం చుట్టుపక్కల పొలాలు దున్నేవారికి, పునాదులు తవ్వేవారికి ఇప్పటికీ పాత నాణేలు దొరుకుతుంటాయి. గాంగుల పణాలు మరీ చిన్నవి, చూసినవారు ముక్కుపుడక తునక అనుకుని కంసాలి దగ్గరికి తీసుకెళ్తారు. ఒకసారి కరిగితే ఆ ఏడాది అంకె పోయినట్టే, దానితో ఆ రాజు లెక్కా పోయినట్టే. రాగి నాణేన్ని చింతపండుతో తోమితే రాత కూడా తుడిచిపెట్టుకుపోతుంది. దొరికిన దాన్ని తోమకండి, అమ్మకండి. ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో గుర్తుపెట్టుకోండి. భూమిలో దొరికిన నిక్షేపాలను కలెక్టరుకు తెలియజేయాలని 1878 నుంచి చట్టం ఉంది, దొరికినవారికి ప్రతిఫలం ఇచ్చే ఏర్పాటూ ఆ చట్టంలోనే ఉంది.